మూడు బ్యాండ్లు వేస్తే మీటరు, ఒక్కటి వేస్తే ఎనిమిది: ఒక రబ్బరు బ్యాండు బండి కేస్ స్టడీ

శ్రీకాకుళం జిల్లా పొందూరు వైపు ఒక ఉన్నత పాఠశాల. ఎనిమిదో తరగతి పిల్లలిద్దరు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, రబ్బరు బ్యాండుతో నడిచే బండి చేశారు. ఇద్దరికీ ఇదే మొదటి బండి. షరతులు మూడే. మోటారూ బ్యాటరీ ఉండకూడదు. చేత్తో తోయకూడదు. వరండాలో 5 మీటర్ల దూరాన సుద్దతో గీసిన 60 సెం.మీ. వెడల్పు గుమ్మంలోంచి బండి దాటిపోవాలి. వరండాది పాతకాలపు ఎర్ర సిమెంటు గచ్చు. ఏళ్ల తరబడి తుడిచీ తుడిచీ అద్దంలా నున్నబడింది. ఈ నున్నదనం సంగతి ముందు ముందు పనికొస్తుంది.

మొదటి బండి చూడ్డానికి బాగానే ఉంది. అట్టపెట్టె కోసి చేసిన చట్రం, వెనక రెండు పాత సీడీలు, ముందు పచ్చడి సీసా మూతలు రెండు, ఇరుసులకు కబాబు పుల్లలు, ఇరుసులు తిరగడానికి కాగితం స్ట్రా ముక్కలు. మూడు రబ్బరు బ్యాండ్లను పక్కపక్కన ముందంచున తగిలించి, రెండో కొసను నేరుగా వెనక ఇరుసుకు ముడేశారు. చక్రాలు వెనక్కి తిప్పి నేల మీద వదిలితే సీడీలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి, గచ్చు గీరుకున్న చప్పుడొచ్చింది, బండి వంకరగా మీటరు దూరం పోయి టక్కున ఆగి, జానెడు వెనక్కి నడిచింది.

అబ్బాయి అన్న మొదటి మాట: "మాస్టారూ, రబ్బరు చాల్లేదండి. ఇంకో రెండేసేద్దామా?"

కొత్తగా చేసేవాళ్లు నూటికి నూరుపాళ్లూ వేసే తప్పటడుగు ఇక్కడే. బండి నడవకపోతే బ్యాండు పెంచుతారు. ఈ బండిలో ఎక్కువైనది ఏదైనా ఉందంటే అది రబ్బరే.

బ్యాండు ఎంత లాగుతుందో ముందు కొలవాలి

దీనికి తూకం యంత్రం అక్కర్లేదు. బ్యాండును కిటికీ చువ్వకు తగిలించి, కింద ఖాళీ లీటరు నీళ్ల సీసాను దారంతో వేలాడదీసి, కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ పోవాలి. ఒక మిల్లీలీటరు నీళ్లంటే ఒక గ్రాము. వీళ్లు వాడిన బ్యాండు వదులుగా పరిస్తే 6 సెం.మీ. పొడవు. అది 21 సెం.మీ.కు సాగడానికి, అంటే అదనంగా 15 సెం.మీ. సాగడానికి, సీసాతో కలిపి దాదాపు 650 గ్రాములు పట్టింది. మూడు పక్కపక్కన వేస్తే అదే సాగుడుకు రెండు కిలోలకు కాస్త తక్కువ లాగుడు. అట్టముక్క మీద, 3 మి.మీ. వెదురుపుల్ల మీద రెండు కిలోలు!

ఈ కొలతకు ముందు కొత్త బ్యాండును నాలుగైదుసార్లు బాగా సాగదీసి వదలాలి. కొత్త రబ్బరు మొదటి సాగుడులో బిగువుగా ఉండి, ఆ తర్వాత కొంత మెత్తబడి అక్కడ స్థిరపడుతుంది. అలా చేయకపోతే మొదటి పరుగు ఒకలా, ఐదో పరుగు ఇంకోలా వచ్చి, తేడా ఎక్కడిదో తెలియక తల బద్దలుకొట్టుకోవాలి. సాగదీసేటప్పుడు బ్యాండును చటుక్కున లాగి కింది పెదవికి ఆనిస్తే గోరువెచ్చగా తగులుతుంది. సాగిన స్థితిలోనే అరనిమిషం ఉంచి, వదిలిన వెంటనే ఆనిస్తే చల్లగా ఉంటుంది. మనం పెట్టిన శ్రమలో కొంత ఇలా వేడిగా పోతుందన్నమాట. చుట్టిన బండిని చేత్తో పట్టుకుని కబుర్లు చెప్తూ నిలబడితే బ్యాండు పట్టు మెల్లగా సడలుతుంది కూడా. అందుకే చుట్టాక పది సెకన్లలో వదలాలని వీళ్లు నియమం పెట్టుకున్నారు.

ఆ 650 గ్రాములూ నేలకు చేరతాయా అంటే చేరవు. ఇక్కడ అమ్మాయికి సంగతి తొందరగా అందింది. వాళ్ల మామ్మ నూలు వడుకుతుంది. పొందూరు ఖాదీ నూలు వడికే ఇళ్లలో రాట్నం, కదురు పిల్లలకు ఆటవస్తువులంత పరిచయం. రాట్నం చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు కదురు ఎన్నో చుట్లు తిరుగుతుంది గానీ, ఆ కదురును రెండు వేళ్లతో పట్టి ఆపేయొచ్చు. ముందు ముందు మన బండిలో బ్యాండును నేరుగా కాక దారంతో ఇరుసుకు చుడతాం. ఇరుసు 3 మి.మీ., దాని మీద చుట్టిన ఆ దారం మందం కలుపుకుంటే 3.3 మి.మీ. ఒక చుట్టుకు విప్పుకునే దారం 1 సెం.మీ. పైన కొంచెం. అదే చుట్టుకు 12 సెం.మీ. సీడీ నేల మీద దొర్లే దూరం 37.7 సెం.మీ. అంటే దూరం 36 రెట్లు పెరిగింది, బలం 36వ వంతుకు పడిపోయింది. 650 గ్రాముల లాగుడులో నేల మీద బండిని తోసేది 18 గ్రాముల బరువంత. "ఇంతేనా?" అనిపిస్తుంది. 90 గ్రాముల బండి నున్నటి నేల మీద దొర్లడానికి అది చాలినదానికన్నా ఎక్కువే.

ఇప్పుడు గీరుకున్న చప్పుడు సంగతి. బండి బరువు 90 గ్రాముల్లో వెనక చక్రాల మీద పడేది 55 గ్రాముల దాకా. ప్లాస్టిక్ అంచుకు నున్నటి గచ్చు మీద దొరికే పట్టు దాని మీది బరువులో పావు వంతు ఉంటే గొప్ప. అంటే 14, 15 గ్రాములు దాటితే చక్రం జారుతుంది. ఒక్క బ్యాండుకే 18 గ్రాముల తోపు ఉంటే, మూడింటికి 54. సీడీలు తిరగక ఏం చేస్తాయి? చుట్టిందంతా మొదటి క్షణంలో ఉత్తినే విప్పుకుపోయింది.

ఆగి వెనక్కి రావడం వేరే జబ్బు. బ్యాండు కొసను ఇరుసుకు ముడేస్తే, అంతా విప్పుకున్నాక కూడా అది ఇరుసుకే అంటుకుని ఉంటుంది. బండికి ఇంకా ఊపుంది కాబట్టి ఇరుసు తిరుగుతూనే ఉంటుంది, బ్యాండు రెండోవైపు చుట్టుకోవడం మొదలవుతుంది. అంటే పోతున్న బండికి దాని ఇంజనే బ్రేకు. ఆ చుట్టుకున్నది మళ్లీ విప్పుకుంటూ బండిని వెనక్కి లాగుతుంది. జానెడు వెనక్కి వచ్చే బండి ఎక్కడ కనిపించినా ఇంకేమీ చూడక్కర్లేదు, ముడి చూస్తే చాలు.

బయటికి కనిపించని నష్టం

జారుడు చెవికి వినిపిస్తుంది, ముడి కంటికి కనిపిస్తుంది. మూడోది రెండింటికీ దొరకదు. బండి బరువు తక్కువే గనక ఇరుసు దగ్గర రాపిడి ఏముంటుందిలే అనుకుంటారు. ఇరుసును గొట్టం గోడకు అదిమేది బండి బరువు కాదు, బ్యాండు. వెనక ఇరుసు మీద బరువు 55 గ్రాములైతే, బ్యాండు దాన్ని ముందుకు లాగి గొట్టానికి ఆనించే బలం 650 గ్రాములు. పదిరెట్ల పైమాటే. నున్నటి ప్లాస్టిక్ గొట్టంలో వెదురుపుల్ల తిరిగితే తిప్పే బలంలో ఐదో వంతు రాపిడికే పోతుంది. కాగితం స్ట్రాలో అయితే మూడో వంతు దాటినా ఆశ్చర్యం లేదు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధం కాబట్టి ఇప్పుడు జ్యూస్ కొట్టుల్లో దొరికేవి ఎక్కువగా కాగితానివే. నాలుగైదు పరుగులకే లోపలి కాగితం నూగులేచి పుల్లను పట్టేస్తుంది, వానాకాలం గాలికి మెత్తబడుతుంది.

వాడి పారేసే పెన్ను గొట్టం దీనికి బాగా సరిపోతుంది. రీఫిల్ తీసేసి 3.5 సెం.మీ. ముక్కలు కోసి, కోసిన అంచులను ఉప్పుకాగితంతో రుద్ది నున్నచేయాలి. 3 మి.మీ. పుల్ల అందులో గలగలలాడుతూ తిరగాలి. బిగుతుగా ఉంటే పనికిరాదు. కాస్త వదులున్నా నష్టం లేదు.

బలం పెరిగేకొద్దీ ఇంకో గొడవ. బ్యాండు పుల్ల నడిమిన లాగుతుంది, గొట్టాలు అంచుల్లో ఉంటాయి. మధ్యలో ఖాళీ 6 సెం.మీ. ఉంటే ఒక్క బ్యాండుకే పుల్ల అరమిల్లీమీటరు వంగుతుంది, మూడింటికి మిల్లీమీటరున్నర. వంగిన పుల్ల గొట్టాల అంచుల మీద ఒత్తుకుంటూ తిరుగుతుంది. చక్రాలు తలలూపడం మొదలవుతుంది. అందుకే వెనక గొట్టాలను దారం చుట్టే చోటుకు వీలైనంత దగ్గరగా, నడిమి ఖాళీ 3 సెం.మీ. మించకుండా పెట్టాలి.

మొదటి బండి అట్ట కూడా విల్లులా వంగింది. అట్టపెట్టె అట్టలో రెండు కాగితాల మధ్య అలలుంటాయి. ఆ అలల గీతలు బండి పొడవునా ఉండాలి, అడ్డంగా ఉంటే అట్ట పుస్తకంలా మడతపడుతుంది. పిల్లలు అట్టను పెట్టె ఆకారం ఎలా కలిసొస్తే అలా కోశారు. గీతలు అడ్డం పడ్డాయి.

మళ్లీ కట్టిన బండి

ఈసారి వాడినవి: ఐదు పొరల అట్ట 26 సెం.మీ. × 10 సెం.మీ.; పాత సీడీలు 2; నీళ్ల సీసా మూతలు 2; ఒకే రకం 7 సెం.మీ. పచ్చడి సీసా మూతలు 2; 3 మి.మీ. కబాబు పుల్లలు 2; పెన్ను గొట్టం ముక్కలు 4; పూసలు 4; 6 సెం.మీ. బ్యాండు ఒకటి; కుట్టుమిషను దారం; మామూలు బెలూను ఒకటి; అగ్గిపుల్ల; ఐస్‌క్రీం పుల్ల; వెదురు బద్దలు 2; ఫెవిక్విక్; ఫెవికాల్.

అట్ట వెనకంచు నుంచి నడిమిన 3 సెం.మీ. వెడల్పు, 5 సెం.మీ. లోతు గాడి కోయాలి. వెనక ఇరుసు ఈ గాడి మీదుగా, వెనకంచుకు 3 సెం.మీ. ఇవతల వస్తుంది. వెనక గొట్టాలు అట్ట పైన, ముందు గొట్టాలు అట్ట కింద. ఇందులో కిటుకుంది. వెనక చక్రం పెద్దది, ముందుది చిన్నది కాబట్టి ఇలా పెడితే అట్ట దాదాపు సమంగా ఉంటుంది. బ్యాండు అట్ట పైన తిన్నగా ఇరుసుకు చేరుతుంది, ముందు ఇరుసు దానికి అడ్డం రాదు. చాలామంది నాలుగు గొట్టాలూ కిందే అంటించి బ్యాండు మాత్రం పైన వేస్తారు. అప్పుడు దారం గాడి అంచు మీదుగా కిందికి వంగి, ప్రతి పరుగుకీ రంపంలా అట్టను కోస్తుంది.

అట్ట అడుగున పొడవునా రెండు వెదురు బద్దలు ఫెవికాల్‌తో అంటించి రాత్రంతా బరువు కింద పెట్టారు. మేదరవాళ్లు బుట్టలల్లాక మిగిలే పలచటి బద్దలు చాలు. ఇవి లేకపోయినా ఒక్క బ్యాండుకు ఐదు పొరల అట్ట ఆగుతుంది, కానీ ముసురు పట్టిన రోజున బద్దలున్న బండే నిలబడుతుంది.

సీడీకి నడిమిన 15 మి.మీ. చిల్లు, మన ఇరుసేమో 3 మి.మీ. కాబట్టి చిల్లు మీద నీళ్ల సీసా మూత అంటించాలి. చక్రం పని అంతా ఈ ఒక్క చోటే తేలుతుంది. మూత పైభాగంలో గానీ లోపల గానీ సరిగ్గా నడిమిన బొడ్డులాంటి చిన్న గుర్తుంటుంది. ప్లాస్టిక్ పోతపోసినప్పుడు మిగిలినది. కొలత అవసరం లేకుండా కేంద్రం దొరికినట్టే. కాల్చిన దబ్బనంతో అక్కడ చిల్లు పొడిచి, పుల్ల బిగుతుగా దూరేటంత మాత్రమే పెద్దది చేయాలి. ఇది పెద్దవాళ్లు దగ్గరుండి చేయించాల్సిన పని. సీడీ నడిమిన పారదర్శకంగా ఉండే వలయం కనిపిస్తుంది. మూతను దాని మీద పెట్టి, మూత చుట్టూ ఆ వలయం అన్నివైపులా సమానంగా కనిపిస్తోందా అని పైనుంచి ఒంటి కంటితో చూసి అప్పుడు అంటించాలి. రెండు మిల్లీమీటర్లు పక్కకు పోతే బండి ఎగుడుదిగుడు బాటన ఎడ్లబండిలా ఊగుతుంది, ఊపంతా ఆ ఊగడంలోనే పోతుంది. ముంజకాయల బండి తోలిన వాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. పుల్ల పక్కకు దిగిన ముంజకాయ ఎలా గెంతుతుందో ఆ చేతులకు తెలుసు.

పుల్ల నున్నగా ఉంటే ఏ జిగురైనా చివరికి వదిలేస్తుంది, ఇరుసు తిరిగి చక్రం నిలబడిపోతుంది. చక్రం వచ్చే చోట పుల్లను ఉప్పుకాగితంతో గరుకు చేసి, ఫెవిక్విక్ ఒక చుక్క వేసి, మీద చిటికెడు వంటసోడా చల్లితే రాయిలా గడ్డకడుతుంది. ఆ చుక్క జారి గొట్టంలోకి పోయిందా, ఇరుసు శాశ్వతంగా అతుక్కుపోయినట్టే. బండిని నిలువుగా, జిగురు వేసే చక్రం కిందికి వచ్చేలా పట్టుకుని వేస్తే ఆ ప్రమాదం లేదు. ఫెవిక్విక్ నూలుగుడ్డ మీద పడితే చుర్రుమని వేడెక్కుతుంది, కాబట్టి గుడ్డతో తుడవకూడదు. చక్రానికీ గొట్టానికీ మధ్య ఒక్కో పూస, ఒక మిల్లీమీటరు సందు. పూస లేకపోతే సీడీ వెళ్లి అట్ట అంచును రాస్తుంది.

బెలూను మూతి, తోక కోసేసి నడిమి భాగంలోంచి రెండు సెం.మీ.ల వెడల్పు పట్టీలు రెండు తీసి సీడీల అంచుకు సాగదీసి తొడిగితే టైర్లు సిద్ధం. పట్టీ మడతపడకుండా రెండు వైపులా సమానంగా దిగాలి. జిగురు వద్దు. ఈ నాలుగు నిమిషాల పనితో చక్రం పట్టు రెండింతలకు పైగా పెరుగుతుంది.

ఇక కొక్కెం. దారం కొసన వేసిన ఉచ్చును ముడేయకుండా దీనికి తగిలిస్తాం. వెనక ఇరుసు సరిగ్గా నడిమిన అగ్గిపుల్ల ముక్క నిటారుగా నిలబెట్టి, దారంతో రెండు చుట్లు కట్టి జిగురు వేయాలి. బయటికి 5 మి.మీ. మాత్రమే ఉండాలి, నున్నగా ఉండాలి. పిల్లలు మొదట సెంటీమీటరున్నర పెట్టారు, పైగా కొసన జిగురు ముత్యంలా గడ్డకట్టింది. దారం ఉచ్చు దాన్ని దాటి రాలేక మళ్లీ పాత కథే, బండి ఆగి వెనక్కి వచ్చింది. ముత్యం గీకేసి, పుల్ల పొట్టి చేశాక ఉచ్చు దానంతటదే జారిపోయింది.

బ్యాండు ముందంచున ఐస్‌క్రీం పుల్ల ముక్కకు తగులుతుంది. అక్కడి నుంచి వెనక ఇరుసుకు 22 సెం.మీ. బ్యాండు 6, ముడులు పోను దారం 15, మొత్తం 21. ఒక సెంటీమీటరు కావాలనే తక్కువ పెట్టాలి. దారం మొత్తం విప్పుకున్న క్షణంలో కూడా బ్యాండులో ఆ సెంటీమీటరు సాగుడు మిగిలి ఉంటుంది గనక, ఉచ్చు కొక్కెం దాటగానే ముందుకు ఎగిరిపోతుంది. సరిసమానంగా పెడితే ఉచ్చు ఊడినా అక్కడే వదులుగా పడి ఉండి, గాడిలోకి జారి, తిరుగుతున్న కొక్కెం మళ్లీ దాన్ని అందుకుంటుంది. ఇలా అందుకోవడం పది పరుగుల్లో రెండుసార్లే జరుగుతుంది, అందుకే పట్టుకోవడం కష్టం.

చుట్టే దిశ మరో తికమక. దారం ఇరుసు పైనుంచి రావాలి. పైనుంచి వస్తే బ్యాండు ఇరుసు పైభాగాన్ని ముందుకు లాగుతుంది, బండి ముందుకు పోతుంది. కిందినుంచి వస్తే బండి వెనక్కి. ఒక సీడీ మీద మార్కరుతో గీత గీసి, వెనక్కి తిప్పుతూ 14 చుట్లు లెక్కపెట్టాలి. దారం ఒక చుట్టు పక్కన మరొకటిగా, బొంగరం తాడులా వరసగా పడాలి. వేలితో దారి చూపిస్తే చాలు. ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఇరుసు మందం పెరిగి, లెక్క తప్పి, ఒక్కో పరుగు ఒక్కోలా వస్తుంది. 14 చుట్లకు బ్యాండు నడిపించే దూరం 5.28 మీటర్లు. ఆపైన బండి పోయేదంతా ఊపు మీదే.

ఒక్కో మార్పుకు ఏం వచ్చింది

కొత్త అట్ట ఆరేలోపు పాత బండి మీదే మార్పులు ఒక్కొక్కటిగా చేయించారు. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. ప్రతి మార్పుకూ మూడు పరుగులు, మధ్య రకం దూరం లెక్క.

రెండు బ్యాండ్లు తీసేసి ఒక్కటి ఉంచితే, వేరే ఏదీ ముట్టుకోకుండానే, మీటరు కాస్తా రెండు మీటర్లయింది. అబ్బాయి నమ్మలేక మళ్లీ మూడూ వేసి చూశాడు. మళ్లీ మీటరే. "ఒరే, తీసేస్తే ఎక్కువ ఎల్తందేటి!" అని అమ్మాయి నవ్వింది. ముడి తీసి దారం, కొక్కెం పెడితే 4 మీటర్ల పైకి వచ్చింది. ఆగడం, వెనక్కి రావడం పోయాయి. బెలూను టైర్లతో ఐదున్నర. కాగితం స్ట్రాల బదులు పెన్ను గొట్టాలు, లోపల పెన్సిలు ముల్లు గీకిన పొడి వేస్తే ఏడు. కొత్త అట్ట మీదికి మార్చాక 8 మీటర్లు.

గొట్టాల్లో కొబ్బరినూనె వేద్దామన్నారు, సహజమే. నూనె వరండా దుమ్మును పట్టి ముద్ద చేస్తుంది, వెదురులోకి ఇంకుతుంది, రబ్బరుకు తగిలితే దానికీ చెరుపే. పెన్సిలు పొడి గానీ, పుల్లకు రుద్దిన కొవ్వొత్తి మైనం గానీ మేలు.

దూరం సమస్య తీరింది, గుమ్మం సమస్య మిగిలింది. కొత్త బండి ప్రతిసారీ ఎడమకే పోయి, 5 మీటర్ల దగ్గర గుమ్మం నడిమి గీత నుంచి 60 సెం.మీ. పైగా పక్కకు తేలింది. గుమ్మం వెడల్పు అటూ ఇటూ 30 మాత్రమే. ఎప్పుడూ ఒకేవైపు లాగితే ఇరుసులు సమాంతరంగా లేవని అర్థం. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పోతే చక్రం ఊగుతోందని. కుడివైపు ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య కొలిస్తే సరిగ్గా 20 సెం.మీ., ఎడమవైపు 19.9. ఒక్క మిల్లీమీటరు! 10 సెం.మీ. వెడల్పులో మిల్లీమీటరు తేడా అంటే బండి 20 మీటర్ల వ్యాసార్థమున్న వృత్తం మీద తిరుగుతున్నట్టు. ఆ వృత్తం మీద 5 మీటర్లు పోతే పక్కకు జరిగే దూరం 62 సెం.మీ. లెక్కా, నేల మీది గీతా ఒకటే చెప్పాయి.

ఇందుకే ముందు గొట్టాలను చివరిదాకా జిగురుతో అంటించకూడదు. వెనకవి ముందుగా అట్ట అంచుకు లంబంగా శాశ్వతంగా అంటించి, ముందువి టేపుతో నిలిపి, నాలుగైదు పరుగులు చూసి, గోటితో ముందుకో వెనక్కో జరిపి, బండి తిన్నగా పోయాక అప్పుడు జిగురు వేయాలి. వీళ్లు ఎడమ గొట్టాన్ని గోరంత ముందుకు నెట్టారు. తర్వాతి ఐదు పరుగుల్లో నాలుగు గుమ్మంలోంచి పోయాయి. ఐదోది గచ్చు పగులులో చక్రం పడి తిరిగింది. దానికి బండి బాధ్యత లేదు.

వేగం కావాలనుకునేవాళ్లకు ఒక మాట. దారం చుట్టే చోట మాత్రం ఇరుసు మీద కాగితం టేపు చుట్టి 6 మి.మీ. చేస్తే తోపు దాదాపు రెట్టింపవుతుంది, గొట్టాల్లో రాపిడికి పోయే వంతు కూడా సగానికి తగ్గుతుంది, ఎందుకంటే గొట్టంలో తిరిగేది ఇంకా 3 మి.మీ. పుల్లే. చుట్లు సగమవుతాయి. కానీ 35 గ్రాముల తోపుకు బెలూను టైరు కూడా అంచుకు వస్తుంది. నేల మీద కాస్త దుమ్ముంటే జారుతుంది. పరుగుకు ముందు టైర్లను తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. మొదటి బండి ఏ దూరమైనా తిన్నగా పోయేదాకా దీని జోలికి పోకపోవడం మంచిది.

బ్యాండు జీవితం చిన్నది. వదులుగా పరిచినప్పుడు 6 సెం.మీ. ఉన్నది ఆరున్నరకు చేరితే మార్చేయాలి. ఎండలో పెట్టిన సంచిలో, కిటికీ పక్కన ఉంచిన బ్యాండు సాగదీస్తే పైన సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. అది 14 చుట్ల మధ్యలో తెగి కంటికి తగిలే రకం, కాబట్టి చుట్టేటప్పుడు ముఖం బండికి పక్కగా ఉండాలి. బండిని చుట్టి ఉంచి ఇంటికి పోకూడదు. పోటీ రోజున వెంట ఉండాల్సినవి: ముందే సాగదీసి పెట్టిన బ్యాండ్లు నాలుగు, ఒకే పొడవు దారాలు మూడు. దారాల ఉచ్చులన్నీ ఒకే మేకు చుట్టూ ముడేస్తే కొక్కెం మీద అన్నీ ఒకేలా జారతాయి. అమ్మాయి ఆ మేకును కూడా పెన్సిలు డబ్బాలో పెట్టుకుంది.